బంగారానికి బరువు పోయిన రోజు

కాంచనదుర్గం జనానికి పొద్దు ఎటు పొడుస్తుందో తెలియదని పక్క రాజ్యాలవాళ్ళు ఎగతాళి చేసేవారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కొండ నెత్తి మీద కూర్చున్న ఆ కోటకు బురుజు బురుజుకూ బంగారు రేకులు తాపడం చేశారు. తెల్లవారేసరికి అసలు సూర్యుడు ఒకడైతే, బురుజుల మీద మెరిసే సూర్యుళ్ళు డజన్లకొద్దీ. తలుపుల మేకులు బంగారం, ధాన్యపు కొట్టం పైకప్పు బంగారం, దుర్గాధిపతి ఊగే ఊయల బంగారం, ఆయన వీపు గోక్కునే పుల్లకు తొడుగు కూడా బంగారమే.

దుర్గాధిపతి పేరు హేమాంగదుడు. మనసు మంచిది, చెయ్యి పెద్దది. రేపు అనే రోజొకటి ఉంటుందని మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే ఓపిక ఆయనకు లేదు. ఆయనకు విసనకర్ర విసిరేవాడొకడు. ఆ విసిరేవాడికి చెమట పడితే వాడికి విసరడానికి ఇంకొకడు.

అంత సుఖమైన కోటలో కంటిమీద కునుకు లేనివాడు ఒక్కడే. సరుకుల కొట్టు చూసే గురవడు. అమ్మవారు పోసిన మచ్చల మొహం, చట్టి ముక్కు, పగిలిన కుండలో గులకరాళ్ళు ఊపినట్టుండే గొంతు. పిల్లలు వాణ్ణి చూసి జడుసుకునేవారు. కుక్కలు మాత్రం తోక ఊపేవి. కుక్కలకు మొహాలతో పనిలేదు కదా!

నిజానికి ఆ మొహం వాడిది కాదు, ఆ గొంతూ వాడిది కాదు. వాడు గంధసార రాజ్యపు యువరాజు అరుణసేనుడు. మంత్రగాడు వక్రనాసుడి అంతు చూస్తానని శూన్యగిరి గుహలో దూరి, ఒక రాతి విగ్రహం వెనక దాక్కుని వాడి పన్నాగం చెవులారా విన్నాడు. రాబోయే సూర్యగ్రహణం నాడు భూమ్మీది బంగారానికంతా బరువు తీసేస్తాడట. బంగారమంతా దూదిలా లేచి శూన్యగిరికి వచ్చి చేరుతుందట. ఆ తరవాత వచ్చేది ఆకలి. ఆకలి వచ్చాక జనం తానడిగిందల్లా ఇస్తారని వాడి లెక్క. అంతవరకు బాగానే ఉంది కాని, సరిగ్గా అప్పుడే అరుణసేనుడికి తుమ్ము వచ్చింది.

వక్రనాసుడు చంపలేదు. చంపడం వాడికి సరదా లేని పని. యువరాజు మొహాన్నీ గొంతునూ ఊడబెరికి ఒక రాగి భరిణెలో పెట్టుకుని, ఈ మొహం, ఈ గొంతు తగిలించి పంపాడు. "నువ్వెవరివో నీ నోటితో చెప్పినా, ఇక్కడ విన్నది బయట పెట్టినా, ఆ క్షణమే అరికాళ్ళ నుంచి రాయివైపోతావు. ఇక వెళ్ళు నాయనా, సుఖంగా బతుకు!" అన్నాడు.

సొంత రాజధానిలో ద్వారపాలకులు మెడపట్టి గెంటేశారు. తల్లీ తండ్రీ ఎప్పుడో పోయారు. ఇక లోకంలో అతడికి మిగిలింది ఒక్క అక్క. ఆ అక్క కుముదిని హేమాంగదుడి ఇల్లాలు. అందుకే ఈ కోటకు వచ్చి పని అడిగాడు. ఎదురుగా నిలబడ్డ తమ్ముణ్ణి అక్క జాలిగా చూసి, "పాపం, పెట్టండి ఏదో ఒక పని" అంది. ఆ రోజు నుంచి అతడు గురవడు.

కుముదిని నిండు చూలాలు. తొలిచూలుకు పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలి. ఆమెకు పుట్టిల్లంటే తమ్ముడే. రోజూ ఎండ వాలేవేళకు గవాక్షం దగ్గర కూర్చుని కేకేసేది.

"గురవా, కావలి బురుజు ఎక్కి చూసి రా. మా తమ్ముడు వస్తున్నాడేమో."

గురవడు బురుజెక్కేవాడు. కొండ కింద దారి పాములా మెలికలు తిరిగి అడవిలో కలిసిపోయేది. ఆ దారిని కాసేపు చూసి దిగి వచ్చేవాడు.

"ఎవరూ రావడం లేదమ్మా."

"రేపొస్తాడులే. వాడికి బద్ధకం ఎక్కువ" అని ఆమె నవ్వేది. తాను రావడం లేదని తానే చూసి, తానే వచ్చి కబురు చెప్పే ఉద్యోగం ఈ భూమండలం మీద ఇంకెవరికీ ఉండి ఉండదు.

గ్రహణం దగ్గరపడుతోంది. చెబితే రాయి, చెప్పకపోతే అక్క ఇల్లు గోవిందా. అందుకని గురవడు అబద్ధాలు మొదలుపెట్టాడు. అబద్ధానికి శాపం లేదు కదా!

ముందుగా హేమాంగదుడి భోజనం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, చందనావతి రాజుగారు బంగారు కంచంలో తినడం మానేశారట."

"ఏం? దివాలా తీశాడా?"

"అబ్బే! బంగారు కంచం మరీ పాతబడిపోయిందట ప్రభూ. నిన్నగాక మొన్న కలిగినవాళ్ళు తింటారట అందులో. తరతరాల పెద్దింటివాళ్ళంతా ఇప్పుడు మట్టి మూకుళ్ళే వాడుతున్నారని వర్తకులు చెప్పుకుంటున్నారు."

హేమాంగదుడు తన కంచంలో బల్లి పడ్డట్టు చూశాడు. సాయంత్రానికి కోటలోకి కుమ్మరి సారెలు దిగాయి. అందరి మూకుళ్ళకంటే తన మూకుడు పెద్దదిగా ఉండాలని మాత్రం ఆయన పట్టుబట్టాడు.

తరవాత ఉలవలు. బళ్ళకొద్దీ ఉలవలు వచ్చి పడుతుంటే ఆయన బిత్తరపోయాడు.

"గుర్రాలు తినేది నేను తినాలిట్రా?"

"గుర్రం పరుగు చూశారు కదా ప్రభూ. పాయసం తాగిన గుర్రం ఎక్కడైనా అలా పరిగెత్తిందా?"

ఆయన ఆలోచించాడు. గిన్నెడు ఉలవచారు తాగి, పంచె ఎగ్గట్టి, ముంగిట్లో ఒక చుట్టు పరిగెత్తి వచ్చి, ఒగరుస్తూనే, తేడా బాగా తెలుస్తోందని ప్రకటించాడు. ఆ ఊపులోనే విసనకర్రవాళ్ళిద్దరినీ గానుగ నేర్చుకోవడానికి పంపించేశాడు. పెద్దింటివాళ్ళు గాలి కూడా సొంతంగానే విసురుకుంటారని గురవడు చెవిలో వేశాడు మరి.

వంటశాల పెద్ద ఆదెమ్మ దగ్గర మాత్రం ఈ పప్పులు ఉడకలేదు. కాగుల నిండా చింతపండు, జాడీల నిండా ఉప్పు, ఊరగాయలు, మిద్దె మీద ఎండుతున్న ఒరుగులూ వడియాలూ చూసి చూసి ఒకనాడు ఆమె గరిట పుచ్చుకుని వచ్చింది.

"ఏరా గురవా, ఏందిరా ఈ చింతపండు? కోట కొట్టుకుపోతే పులుసులో ఈదుదామనా? తిండికి వాచినోడి మాదిరి ఏందిరా ఈ కక్కుర్తి?"

"ఉండనీ అవ్వా. ఉన్నది ఎక్కడికీ పోదు."

"ఎందుకో చెప్పరాదంట్రా? నేనేమన్నా ఊరంతా చాటేదాన్నా?"

చెబుదామని నోరు తెరిచాడు. అరికాళ్ళలో చల్లగా ఏదో పాకినట్టయింది. నోరు మూసుకున్నాడు.

"చెప్పలేను అవ్వా."

ఆదెమ్మ వాడి మొహంలోకి చాలాసేపు చూసింది. ఏం కనిపించిందో గాని గరిట దించి, "సరేలే, ఇంకో రెండు కాగులు తెప్పించు, మావిడి వరుగు ఏస్తాను" అని వెళ్ళిపోయింది. చూలాలికి బంగారం వేడి చేస్తుందని కుముదిని చేత నగలన్నీ తీయించి లక్కగాజులు తొడిగించింది కూడా ఆదెమ్మే. గురవడు అడిగాడు, ఆమె ఎందుకని అడగకుండా చేసింది.

ధాన్యపు కొట్టం దగ్గర మాత్రం గురవడు ఓడిపోయాడు. ఆ బంగారు కప్పు పీకించి తాటాకు కప్పిస్తే ఎలా ఉంటుందని అడగ్గానే హేమాంగదుడు లేచి నిలబడ్డాడు. "అది మా తాతగారు వేయించిన కప్పు! తాటాకు సంగతి ఇంకొకసారి ఎత్తావంటే నిన్నే కొట్టం మీద కప్పుతాను" అన్నాడు.

గురవడు ఇక ఎవరినీ అడగలేదు. గుర్రపుసాల వెనక గరుకునేల చూసి గింజలు దాచే పాతర తవ్వాడు. మెడ సన్నం, పొట్ట లావు, మూడు నిలువుల లోతు. లోపల గడ్డి తగలబెట్టి గోడలు ఎండబెట్టాడు. చొప్ప పరిచి, వేపాకు వేసి, సగం దాకా జొన్నలు పోసి, పైన బండ మూసి బంకమట్టి మెత్తాడు. మోతకు ఆదెమ్మ తోడు వచ్చింది. మొదటి నుంచి చివరిదాకా తిడుతూనే మోసింది.

ఆ పనిలో ఉండగానే ఒక మధ్యాహ్నం ఆదెమ్మ ఆకుదొన్నెలో పరమాన్నం తెచ్చి గుర్రపుసాల అరుగు మీద పెట్టింది.

"దొరసానమ్మ పంపింది. ఈయాల ఆయమ్మ తమ్ముడి పుట్టినదినమంట. ఆ బాబు ఎక్కడున్నాడో ఏమో, ఎవురన్నా ఆకలిగా ఉన్నోడికి పెట్టమంది. నీకంటే ఆకలి మొహం ఇంకెవుడిదని నీకే తెచ్చినా."

తన పుట్టినరోజని అతడికే గుర్తు లేదు. ఆమె వెళ్ళాక గుర్రాల మధ్య ఒక్కడే కూర్చుని తిన్నాడు. అక్క చేతి పరమాన్నం, చిన్నప్పటిలాగే తీపి కాస్త ఎక్కువైంది. అదే కోటలో అక్క ఉంది, పుట్టినరోజు చేసింది, తానే తిన్నాడు, అయినా ఆ పండగలో తాను లేడు. దుఃఖం కట్టలు తెంచుకుంది. పక్కనే ఉల్లిపాయల గంప ఉండబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

గ్రహణం రోజు వచ్చింది.

గ్రహణాన్ని లోపల కూర్చుని తప్పించుకోవడం పిరికితనమని హేమాంగదుడు ముంగిట్లో బంగారు ఊయల వేయించుకుని, ఒంటి మీద నగలన్నీ దిగేసుకుని కూర్చున్నాడు. చుట్టాలూ సామంతులూ వచ్చారు. సూర్యుడి అంచు నల్లబడింది. పక్షులు గూళ్ళకు మళ్ళాయి. పట్టపగలు చుక్కలు పొడిచాయి.

మొదట కదిలింది ఒక పెద్ద ముత్తైదువ ముక్కుపుడక. అది ఆకాశం వైపు లాగితే ఆమె ముక్కు పైకి లేచింది; ఎదురుగా ఉన్న వియ్యపురాలు, ఆమె తనను చూసి ముక్కు చిట్లించిందనుకుని గొడవకు దిగింది. ఆ గొడవ తేలకుండానే వియ్యపురాలి చెవికమ్మలు గొడుగుల్లా పైకి తిరిగాయి. పేటలు మెడల మీద నిటారుగా నిలబడ్డాయి. మేకులు ఊడి తలుపులు దభీ దభీమని పడ్డాయి. బురుజుల రేకులు పెళపెళమంటూ లేచిపోయాయి. ధాన్యపు కొట్టం కప్పు కుండ మీది మూతలా తేలికగా లేచి, ఒకసారి పక్కకు ఒరిగి, పడమటికి ప్రయాణం కట్టింది. చీకటి సూర్యుడి కింద బంగారం ఏరై పారింది. కోటలూ పట్టణాలూ గుళ్ళూ గోపురాలూ విడిచిన పసిడి అంతా, గొలుసులూ గిన్నెలూ కిరీటాలూ, ఒకదానికొకటి తగిలి మెల్లగా మోగుతూ ఆకాశం నిండా సాగిపోయింది. చూసినవాళ్ళకు ఏడవాలో చేతులెత్తి మొక్కాలో తెలియలేదు.

"ఓరి గురవా! నేను పోతున్నానురోయ్!"

ఊయలతో సహా హేమాంగదుడు మేడ ఎత్తుకు లేచాడు. గురవడు మెట్లు నాలుగేసి ఎక్కి, కావలి బురుజు పిట్టగోడ మీంచి ఎగిరి దూకి ఆయన కాలు పట్టుకున్నాడు. ఊయల జారిపోయింది, ఇద్దరూ గాలిలో గిరగిరా తిరిగారు. కింద లోయ నోరు తెరుచుకుని ఉంది.

"వడ్డాణం విప్పండి ప్రభూ!"

"ఇది మా ముత్తాతగారిదిరా!"

"ఇప్పుడు ఆయన దగ్గరికే పోతున్నాం ప్రభూ, అక్కడ కొత్తది అడుగుదురుగాని! విప్పండి!"

వడ్డాణం పోయింది, కాస్త దిగారు. భుజకీర్తులు పోయాయి, ఇంకాస్త దిగారు. ఒక్కో నగ ఊడదీసినప్పుడల్లా ఆయన దాని చరిత్ర చెప్పి ఏడిచాడు. ఆఖరి ఉంగరం జారేసరికి గుర్రపుసాల వెనక పెంటకుప్ప మీద ఇద్దరూ పక్కపక్కన పడ్డారు. హేమాంగదుడు లేచి ఒళ్ళంతా తడుముకున్నాడు. చేతికి ఒక్క గొలుసు తగల్లేదు. "తేలికగా ఉంది" అన్నాడు ఆశ్చర్యంగా.

మర్నాటి నుంచి లోకం తలకిందులైంది. నిన్నటిదాకా బంగారానికి బియ్యం కొలిచినవాడు ఇవాళ దేనికీ కొలవనన్నాడు. కొన్ని ఊళ్ళలో జనం వలలు పట్టుకుని ఆకాశం కేసి చూస్తూ తిరిగారు. కాంచనదుర్గంలో మాత్రం తలుపులకు గురవడు దాచి ఉంచిన ఇనుప మేకులు దిగాయి, మూకుళ్ళలో ఉలవచారు పొగలు కక్కింది. ఆ పొగ చూసి చుట్టుపక్కల పల్లెలన్నీ కొండెక్కి వచ్చాయి. హేమాంగదుడు కోట ద్వారం తెరిపించాడు. "ఉన్నన్నాళ్ళు పెట్టండి. లేనినాడు అందరం కలిసే పస్తుందాం" అన్నాడు. ఎంత దుబారా మనిషైనా ఆ మాటతో గురవడికి బావగారి మీద గౌరవం కలిగింది.

ఉన్నన్నాళ్ళు ఎక్కువ రోజులు కాలేదు. గ్రహణం వెనకే ముసురు పట్టింది. కప్పు లేని కొట్టంలో ధాన్యం తడిసి మొలకలెత్తి కుళ్ళింది. కాగుల అడుగులు గీరిన చప్పుడు వంటశాలలో వినిపించసాగింది. పాతర ఉంది. కాని వానలో తెరిస్తే నీళ్ళు దిగి అదీ పాడవుతుంది. వెలవాలి, వెలిశాక ఒక రోజంతా మూత తీసి లోపలి విషపుగాలి పోనివ్వాలి. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే గురవడు పళ్ళ బిగువున ఆకాశం కేసి చూస్తూ గడిపాడు.

వాన వెలిసింది. అదే పొద్దున కోట ముందుకు ధాన్యం బళ్ళు వచ్చి ఆగాయి.

ముందు బండి మీంచి పట్టుపంచె కట్టిన లావుపాటి వర్తకుడు దిగాడు. గురవడు వాడి మొహంలోకి చూసి కొయ్యబారిపోయాడు. వేషమంతా కుదిరింది గాని ముక్కు ఎడమకు వంకర. ఎన్ని మంత్రాలు వచ్చినా వక్రనాసుడికి తన ముక్కును తిన్నగా చేసుకోవడం చేతకాలేదు. వాడూ గురవణ్ణి చూశాడు. తాను తగిలించిన మొహాన్ని తాను ఆనవాలు పట్టడా! చిన్నగా నవ్వాడు.

"దొరా, తమ కోటకు ఏడాది పొడుగునా సరిపడే ధాన్యం తెచ్చాను. బంగారం అక్కర్లేదు, ఎలాగూ లేదు కదా! తమ ఇంట పుట్టబోయే బిడ్డను నాకిస్తానని చేతిలో చెయ్యి వెయ్యండి చాలు."

హేమాంగదుడు కత్తికోసం నడుము తడుముకున్నాడు. బంగారు పిడి కత్తి ఎప్పుడో ఎగిరిపోయింది. చుట్టూ చూశాడు. పల్లెల నుంచి నమ్మి వచ్చిన జనం, తల్లుల భుజాల మీద వేలాడుతున్న పిల్లలు. గడపలో నిలబడ్డ కుముదిని రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని భర్తనే చూస్తోంది.

"ఆగండి ప్రభూ!" గురవడు అడ్డం వచ్చాడు. "మన కోటలో గింజలున్నాయి."

"ఉన్నాయా?" వర్తకుడు విరగబడి నవ్వాడు. "సరే, చూపించు. ఆ ధ్వజస్తంభం నీడ గడప దాటేలోగా గంపెడు పొడిగింజలు నా ముందు పొయ్యి. ఈ బళ్ళు ఇక్కడే వదిలి నడిచిపోతాను. పొయ్యలేకపోతే దొరగారు చెయ్యి వెయ్యాలి. అందరూ విన్నారుగా!"

నీడకూ గడపకూ మధ్య చాపంత జాగా ఉంది.

గురవడు పరుగున వెళ్ళి పాతర మట్టి పగలగొట్టి బండ జరిపాడు. నీడకు కాపలా పెట్టి దొరా, వర్తకుడూ, జనమూ వెనకే వచ్చారు. ఆదెమ్మ దీపం కట్టి లోపలికి దించింది. మెడ దాటీ దాటకముందే దీపం ఆరిపోయింది.

"వద్దురా నాయనా! రేపటిదాకా గాలి పోవాల."

"రేపటిదాకా లేదు అవ్వా. తాడు కట్టు."

"కట్టినా పట్టేదెవుర్రా? పాతర తాడు తోబుట్టువు చేతిలో ఉండాల. పైనుంచి 'తమ్ముడా' అని వరస పెట్టి పిలవాల, లోపలోడు 'అక్కా' అని వరస పెట్టి పలకాల. పాతరకి మారుపలుకు ఉండాదిరా. 'ఉన్నావా' అంటే అదీ 'ఉన్నావా' అంటాది. వరస పెట్టి పలికేది బతికున్న మనిషొక్కడే. మూడు పిలుపులకి పలక్కపోతే లోపలోడు పోయినట్టే, మూత ఏసేస్తారు. ఇంకోడు దిగి చావకుండా. నీకు అక్కా లేదు, చెల్లీ లేదు..."

"ఇలా ఇవ్వు తాడు."

కుముదిని గుర్రపుసాల గోడ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది.

"అమ్మా, మీరెందుకు..." గురవడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా తమ్ముడు ఎక్కడ ఏ గోతిలో దిగుతున్నాడో నాకు తెలియదు గురవా. అక్కడెవరో ఒక ఆడది వాడి తాడు పట్టుకుంటుందని అనుకుంటూ ఉంటాను. లేకపోతే నాకు ముద్ద దిగదు. నీ తాడు నేను పడతాను. దిగు."

నోరు తెరిస్తే ఏం అంటాడో గురవడికే భయం వేసింది. గుండె నిండా ఊపిరి బిగబట్టి గంపతో దూకాడు.

లోపల కటిక చీకటి. మగ్గిన జొన్నల వేడి. పై నుంచి గొంతు వచ్చింది.

"తమ్ముడూ, ఉన్నావా?"

ఎవరూ తనను ఆ పిలుపు పిలిచి ఎన్నాళ్ళయింది! ఆమె ఆచారం కోసం పిలిచింది. అయినా అతడి ఒళ్ళంతా ఝల్లుమంది. పలకకుండా తాడు గట్టిగా కదిపాడు. పైన జనం హమ్మయ్య అనుకున్నారు. రెండు చేతులతో గంప నింపాడు. తాడు ఒక్కటే. గంపనూ మనిషినీ కలిపి ఆ సన్నమెడ పట్టదు. నడుముకున్న తాడు విప్పి గంపకు కట్టి లాగమని కుదిపాడు. గంప గోడలకు రాసుకుంటూ వెలుగులోకి వెళ్ళిపోయింది.

పైన కేరింతలు. గలగలమని గింజలు బండ మీద పోసిన చప్పుడు. పొడిగా, గట్టిగా, బ్రహ్మాండంగా ఉంది ఆ చప్పుడు. హేమాంగదుడు అరుస్తున్నాడు. "చూడరా వర్తకుడా! నీడ ఇంకా గడప దాటలేదు!" అక్క బిడ్డ దక్కింది. గురవడు నవ్వబోయాడు. బిగబట్టిన ఊపిరి జారిపోయింది. విషపుగాలి గొంతులో దిగి మోకాళ్ళు వంగిపోయాయి. జొన్నల మీద పడ్డాడు. తాడు మళ్ళీ దిగి ఎక్కడో పక్కన ఊగుతోంది. చెయ్యి చాపితే చీకటి తప్ప ఏమీ దొరకలేదు.

"తమ్ముడూ, ఉన్నావా?"

"ఉన్నాను!" అని అరిచాడు. చివరి అక్షరం పాతర గోడల్లో కలిసిపోయింది.

పైన వక్రనాసుడి గొంతు తీయగా వినిపించింది. "వరస పలకలేదు, వినలేదూ? అది పాతర మారుపలుకు. పాపం, మంచి పనివాడు. ఆచారం ఆచారమే దొరా. మూత వేయించండి. ఇంకో ప్రాణం ఎందుకు పోవాలి?"

వాడికి అంతా తెలుసు. పలికితే రాయి, పలక్కపోతే సమాధి. బండ కదిలిన గరగర వినిపించింది. చందమామంత ఉన్న వెలుగు సగమైంది.

"ఆగండి! ఇంకొక్కసారి పిలవనివ్వండి!" కుముదిని ఏడుస్తోంది. సరుకుల కొట్టు గురవడి కోసమే ఏడుస్తోందో, రాని తమ్ముడి కోసమే ఏడుస్తోందో ఆమెకే తెలియదు. "తమ్ముడూ! ఉన్నావా?"

ఎవరైనా అనే మాటే. ఆచారానికి అనే మాటే. మంత్రానికి ఆచారం అర్థమవుతుందేమో, ఒక్క మాటకు వదిలేస్తుందేమో! ఇన్నాళ్ళూ ఆ పిలుపుకు బురుజెక్కి ఖాళీ దారి చూసి వచ్చాడు. ఇక అతడి వల్ల కాలేదు.

"ఉన్నానక్కా!"

"ఉన్నాడు! నా తమ్ముడు ఉన్నాడు! లాగండర్రా, బండ తియ్యండి!" పైన ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది. తాడు ఊగి వచ్చి అతడి చేతికి తగిలింది. గట్టిగా పట్టుకున్నాడు. పది చేతులు పైనుంచి లాగాయి.

అతడు కదల్లేదు. అరికాళ్ళు చల్లబడ్డాయి, చీలమండలు బరువెక్కాయి. మంత్రానికి ఆచారం అర్థం కాలేదు. చెయ్యి కిందికి పోనిచ్చి తడిమితే మోకాళ్ళ దాకా నున్నటి రాయి.

"లాగినా రావడం లేదు, ఇంత బరువున్నాడేమిటి?" ఎవరో అంటున్నారు. వక్రనాసుడు నవ్వడం మొదలుపెట్టాడు. తాడు తెగేలా బిగుసుకుంది.

"తమ్ముడూ, ఉన్నావా?"

రాయి నడుముకెక్కుతోంది. దాచవలసింది ఇక ఏమీ మిగల్లేదు. అరుణసేనుడు తలెత్తి, ఆ సగం వెలుగు కేసి గుక్క తిప్పుకోకుండా అరిచాడు.

"ఉన్నానక్కా! ఇక్కడే ఉన్నాను! వచ్చినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాను!"